సర్దుకునేది మనిషా, యంత్రమా?

మిస్డ్ కాల్‌ను ఏ ఇంజనీరూ కనిపెట్టలేదు. నెట్‌వర్క్ లెక్కలో అది పూర్తికాని కాల్, అంతే. అవతల ఫోన్ మోగింది, ఎవరూ ఎత్తలేదు, కాబట్టి బిల్లు లేదు. ఆ చిన్న సందులోంచి కోట్లమంది ఒక భాషనే తయారు చేసుకున్నారు. ఒక రింగయితే చేరిపోయానని, రెండయితే నువ్వే చెయ్యమని, ముందే అనుకున్న టైముకి మోగితే కిందికి దిగి రమ్మని. ఆఫ్రికాలో ఇంగ్లీషు వాడే చోట్ల దీన్ని ఫ్లాషింగ్ అనో బీపింగ్ అనో అంటారు. దీనికి మర్యాదలు కూడా ఏర్పడ్డాయి. డబ్బున్నవాళ్లు లేనివాళ్లకి మిస్డ్ కాల్ ఇవ్వకూడదు. సాయం అడగబోయేవాళ్లు కాల్ ఖర్చు తామే పెట్టుకోవాలి. మనసుపడ్డ అమ్మాయికి అబ్బాయి మిస్డ్ కాల్ ఇచ్చాడంటే ఇక అంతే సంగతులు. జోనథన్ డోనర్ అనే పరిశోధకుడు 2007లో ఈ మర్యాదల మీదే ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు.

కంపెనీలకు మొదట్లో ఇది తలనొప్పి. లైన్లు నిండిపోతాయి, పైసా రాదు. తరవాత కొందరికి ఇందులోనే వ్యాపారం కనిపించింది. దక్షిణాఫ్రికాలోని వోడాకామ్‌లో ఎకౌంట్స్ ట్రైనీగా ఉన్న ఎన్‌కోసానా మకాటేకి దూరంగా ఉన్న స్నేహితురాలితో మాట్లాడటం కష్టంగా ఉండేది, ఆమె ఫోన్‌లో బ్యాలెన్స్ ఉండేది కాదు. బ్యాలెన్స్ లేకపోయినా 'నాకు ఫోన్ చెయ్యి' అన్న ముక్క ఉచితంగా వెళ్లే దారి ఉంటే బాగుండునన్న ఆయన ఆలోచన 2001లో 'ప్లీజ్ కాల్ మీ' సర్వీసుగా వచ్చింది. దానికి ప్రతిఫలం కోసం ఆయన ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. బెంగళూరులో 2010లో మొదలైన జిప్‌డయల్ అనే కంపెనీ మిస్డ్ కాల్‌నే ప్రకటనల మార్గంగా మార్చుకుంది. 2015లో ట్విటర్ ఆ కంపెనీని కొనేసింది.

కొత్త టెక్నాలజీ ఒక చోటికి వచ్చిందంటే అక్కడ ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు. మనుషుల అలవాట్లకు యంత్రం సర్దుకోవాలి, లేదా యంత్రం పెట్టే షరతులకు మనుషులు సర్దుకోవాలి. సంపన్న దేశాల్లో ఈ గొడవ పెద్దగా పైకి కనపడదు. యంత్రాన్ని తయారుచేసినవాళ్లూ వాడేవాళ్లూ అక్కడ దాదాపు ఒకేరకంగా బతుకుతుంటారు. కరెంటు ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, చదవడం రాయడం వచ్చి ఉంటుంది, ఎవరి ఫోన్ వాళ్లకి ఉంటుంది. ఈ నాలుగూ లేని చోటికి అదే యంత్రం వెళ్లినప్పుడు అసలు కథ మొదలవుతుంది. పేద దేశాలకు టెక్నాలజీ ఎంతవరకు చేరిందో లెక్కకట్టే నివేదికలు ఏటా కుప్పలుగా వస్తుంటాయి. చేరాక సర్దుకుంటున్నది ఎవరన్న ప్రశ్న వాటిలో ఏ మూలో తప్ప కనిపించదు.

ఫోన్‌లో డబ్బు పంపే సర్వీసులేవీ రాకముందు ఉగాండాలో నడిచిన ఒక పద్ధతి చూడండి. పట్నంలో పనిచేసే కొడుకు ఊళ్లో ఉన్న తల్లికి డబ్బు పంపాలి. దగ్గర్లో బ్యాంకు లేదు. అతను టాక్‌టైమ్ కార్డు కొంటాడు, కానీ తన ఫోన్‌లో ఎక్కించుకోడు. ఊళ్లో ఫోన్ ఉన్న మనిషి ఒకరుంటారు. నిమిషాల లెక్కన అందరినీ మాట్లాడనిచ్చి డబ్బు తీసుకోవడం ఆ మనిషి వృత్తి. కొడుకు ఆ మనిషికి ఫోన్ చేసి కార్డు మీది అంకెలు చదివి వినిపిస్తాడు. ఆ మనిషి ఆ టాక్‌టైమ్‌ను తన ఫోన్‌లో వేసుకుని, కొంత కమిషన్ పట్టుకుని, మిగతాది నోట్ల రూపంలో తల్లి చేతిలో పెడతాడు. డబ్బు ఊరు చేరింది. సర్వరు లేదు, లైసెన్సు లేదు, యాప్ లేదు. జనం దీన్ని 'సెంతే' అనేవారు. అంటే డబ్బు అనే అర్థం. ఊళ్లో ఎవరిని నమ్మవచ్చో అందరికీ తెలుసు కాబట్టే ఇది నడిచింది. టాక్‌టైమ్ కార్డు ఆ నమ్మకం మీద ఎక్కి ప్రయాణం చేసింది.

కెన్యాలో పుట్టిన ఎం-పెసా అనే ఫోన్ డబ్బు సర్వీసు కూడా తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు తయారైనదే. బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి విభాగం కొంత, వోడాఫోన్ కొంత నిధులు పెట్టాయి. సూక్ష్మ రుణాలు తీసుకున్నవాళ్లు తమ వాయిదాలు ఫోన్‌లో కట్టాలన్నది ప్లాను. 2005 అక్టోబరులో కొద్ది వందలమందితో ప్రయోగం మొదలైంది. వాళ్లు వాయిదాలు కట్టారు, నిజమే. దాంతోపాటు తమకెవరూ నేర్పని పనులు కూడా మొదలుపెట్టారు. నోట్లు తీసుకుని ఫోన్‌లో డబ్బు వేసే ఏజెంటు దుకాణం బ్యాంకులు మూసేశాక కూడా తెరిచి ఉంటుంది కాబట్టి, చేతిలో ఉన్న డబ్బు రాత్రికి అందులో దాచుకున్నారు. ప్రయాణానికి ముందు ఒక చివర డబ్బు వేసి కొన్ని గంటల తరవాత రెండో చివర తీసుకున్నారు, దారిలో జేబు ఖాళీగా ఉంటే దొంగల భయం ఉండదు కదా. ఒకావిడ భర్తను ఎవరో దోచుకుంటే, అతను ఇల్లు చేరడానికి బస్సు చార్జీ ఆవిడ ఫోన్‌లోనే పంపింది. ప్రయోగం నడిపిన వోడాఫోన్ ఉద్యోగులు నిక్ హ్యూస్, సూసీ లోనీ ఇవన్నీ గమనించి రాసిపెట్టారు. చివరికి వాయిదాల సంగతి పక్కన పెట్టి, 'ఇంటికి డబ్బు పంపండి' అన్న ఒక్క మాటతో కెన్యా ఫోన్ కంపెనీ సఫారీకామ్ 2007 మార్చిలో దాన్ని దేశమంతటా విడుదల చేసింది. పెసా అంటే స్వాహిలిలో డబ్బు, మన పైసాకి చుట్టమే.

జనం వాడకం చూసి తమ ప్లానునే మార్చుకోగలగడం ఆ బృందం చేసిన గొప్ప పని. చాలా ప్రాజెక్టుల్లో ఇలాంటివి కంటబడగానే 'దుర్వినియోగం' అని రాసి పారేస్తారు. ఎం-పెసా మీద తరవాత ఎన్నో పరిశోధనలు జరిగాయి. తవ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దీనివల్ల సుమారు 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా కుటుంబాల్లో 2 శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయి. ఆ అంచనాను తప్పుపట్టిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. కానీ ఆ సర్వీసును జనం తమదిగా చేసుకున్నారన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

దీన్ని ఫోన్ సాధించిన విజయంగా చెప్పేవాళ్లు ఏజెంటును మరచిపోతారు. అసలు బరువంతా మోసేది ఆ కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. ఆ మనిషి దగ్గర రెండు నిల్వలు ఉండాలి. ఒకటి గల్లాపెట్టెలో నోట్లు, రెండోది ఫోన్‌లో ఫ్లోట్, అంటే అంకెల రూపంలో ఉన్న డబ్బు. ఎవరైనా డబ్బు వేస్తే నోట్లు పెరిగి ఫ్లోట్ తగ్గుతుంది. తీసుకుంటే ఫ్లోట్ పెరిగి నోట్లు తగ్గుతాయి. పట్నంలో ఎక్కువమంది వేసేవాళ్లే కాబట్టి ఫ్లోట్ అయిపోతుంది. పల్లెలో ఎక్కువమంది తీసుకునేవాళ్లే కాబట్టి గల్లాపెట్టె ఖాళీ అవుతుంది. అప్పుడు దుకాణం కట్టేసి నోట్ల కోసం బ్యాంకున్న ఊరికి పోవాలి. పోయిన ఆ పూట బేరం లేదు, తిరిగొచ్చే దారిలో డబ్బు సంచితో టెన్షన్. వచ్చిన కస్టమర్‌కి రెండుసార్లు 'నోట్లు లేవు' అని చెబితే మూడోసారి పక్క దుకాణానికి పోతాడు. అందుకే చిన్న ఏజెంట్లకు నోట్లూ ఫ్లోటూ సర్దిపెట్టే పెద్ద ఏజెంట్ల అంచె ఒకటి ఏర్పడింది. నోట్లతో పని లేదనిపించే ఆ వ్యవస్థ నోట్ల కట్టల రవాణా మీద నిలబడింది.

అదే ఎం-పెసా దక్షిణాఫ్రికాకు 2010లో వెళ్లింది. కోటిమంది చేరతారని లెక్క వేసుకున్నారు. 2016లో మూసేసేనాటికి దాన్ని నిజంగా వాడుతున్నది 76,000 మంది. అక్కడ బ్యాంకు ఖాతాలూ ఏటీఎంలూ అప్పటికే చాలామందికి అందుబాటులో ఉన్నాయి. కెన్యాలో తీర్చిన కష్టం అక్కడ అంతగా లేదు. భారత్‌లో 2013లో మొదలై 2019లో మూతపడింది. ఈలోగా బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే యూపీఐ 2016లో వచ్చేసింది. ఒక దేశంలో గెలిచినదాన్ని పెట్టెలో పెట్టి ఇంకో దేశంలో విప్పితే పనిచేస్తుందన్న నమ్మకం ఎన్ని దెబ్బలు తిన్నా చావడం లేదు. సాఫ్ట్‌వేర్ పెట్టెలో పడుతుంది. చుట్టూ ఉన్న ఏజెంట్లు, రిజర్వు బ్యాంకు నియమాలు, అక్కడి జనానికి ఉన్న ఇబ్బంది పెట్టెలో పట్టవు.

2000 ప్రాంతంలో ఆ నమ్మకం కియోస్కుల రూపంలో వచ్చింది. ఊరికో కంప్యూటరు పెడితే పంటల సలహాలు, మార్కెట్ ధరలు, సర్కారు కాగితాలు అన్నీ ఊళ్లోకే వచ్చేస్తాయని ఎన్నో దేశాల్లో ఎన్నో సంస్థలు డబ్బు పోశాయి. మహారాష్ట్రలోని వారణా చెరకు సహకార సంఘం పరిధిలో 1998లో ఇలాంటి 'వైర్డ్ విలేజ్' ప్రాజెక్టు మొదలైంది. ఊళ్లలో యాభైకి పైగా కియోస్కులు పెట్టారు. కొన్నేళ్ల తరవాత మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు వెళ్లి చూస్తే, రైతులు కియోస్కుకి వస్తున్నది తమ సొంత లెక్కల కోసమని తేలింది. ఎంత చెరకు తూగింది, ఎంత ఎరువు తీసుకున్నాం, సొమ్ము ఎప్పుడు పడుతుంది. అంతే, ఇంటర్నెట్ ఊసే లేదు. మరి ఈ నాలుగు ముక్కలకి కంప్యూటరు ఎందుకు, కరెంటు పోయినప్పుడల్లా ఎదురుచూపులెందుకు? పరిశోధకులు కియోస్కుల స్థానంలో ఎస్సెమ్మెస్ పెట్టి చూశారు. రైతు ఒక చిన్న మెసేజ్ పంపితే తన లెక్క ఫోన్‌కే వస్తుంది. రైతులకు అదే నచ్చింది. ఆ ప్రయోగానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'వారణా అన్‌వైర్డ్'. వైర్లు వేయడం కష్టమే. పనికిరాని వైర్లు వేశామని ఒప్పుకుని తీసేయడం ఇంకా కష్టం, అందుకే ఈ చిన్న ప్రయోగం గుర్తుంచుకోదగ్గది.

అదే పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఇంకో సంగతి బడి గదికి సంబంధించినది. చాలా బడుల్లో ఒక్క కంప్యూటరు ముందు నలుగురైదుగురు పిల్లలు మూగుతారు. మౌసు మాత్రం ఒక్కడి చేతిలో ఉంటుంది. సాధారణంగా కాస్త పెద్దవాడో, దబాయించేవాడో. మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు, కొందరు చూడటం కూడా మానేస్తారు. కంప్యూటర్లు ఇంకా కొనడం ఒక దారి. పరిశోధకులు ఇంకో దారి పట్టారు. ఒకే కంప్యూటరుకి అయిదు మౌసులు తగిలించి, తెర మీద అయిదు రంగుల బాణాలు కనిపించేలా చేశారు. పర్సనల్ కంప్యూటర్ అన్న పేరులోనే ఒక మనిషికి ఒక యంత్రం అనే ఊహ దాగుంది. ఆ ఊహ తీసేస్తే పేద బడికి సరిపోయే వస్తువు కొన్ని మౌసుల ఖర్చుతో తయారైంది.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచింది పిల్లకో ల్యాప్‌టాప్ ఉద్యమం. ఎంఐటీకి చెందిన నికొలస్ నెగ్రోపాంటే 2005లో వంద డాలర్ల ల్యాప్‌టాప్ తెస్తానని ప్రకటించాడు. ఆ ఏడాది నవంబరులో ట్యునిస్‌లో జరిగిన సమాచార సమాజ శిఖరాగ్ర సభలో నమూనా చూపించారు. కరెంటు లేని ఊళ్ల కోసమని దానికి చేత్తో తిప్పే పిడి పెట్టారు. ఆ వేదిక మీదే, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతిలో, ఆ పిడి ఊడొచ్చింది. అమ్మకానికి వచ్చిన మోడల్‌లో పిడి లేదు, ధర వంద డాలర్లూ కాదు, 2007 నాటికి సుమారు 188. ఆ వస్తువులో మంచి ఆలోచనలు లేకపోలేదు. ఎండలో కూడా కనిపించే తెర, దుమ్ముకు తట్టుకునే కీబోర్డు, తక్కువ కరెంటు. కానీ బడి ఎలా నడుస్తుందన్నది అందులో లేదు. టీచరుకి శిక్షణ, పాడైతే బాగుచేసేవాళ్లు, తరగతి సిలబస్‌తో పొంతన, ఇవన్నీ తరవాత చూసుకోవచ్చన్నారు. పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారన్నది వాళ్ల విశ్వాసం. పెరూ ప్రభుత్వం లక్షల సంఖ్యలో కొన్నది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ అక్కడి 319 గ్రామీణ బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వచ్చింది. లెక్కల్లో, భాషలో పిల్లల ఫలితాలు మెరుగైన ఆధారం దొరకలేదు. నేల విడిచి సాము అంటే ఇదే.

ఉరుగ్వే అవే ల్యాప్‌టాప్‌లతో 2007లో ప్లాన్ సీబల్ మొదలుపెట్టింది. చిన్న దేశం, బడులన్నిటికీ ఇంటర్నెట్ వేసింది, మరమ్మతులు చూసే వ్యవస్థ పెట్టుకుంది. అక్కడ కూడా ల్యాప్‌టాప్‌లు మార్కులు పెంచేశాయని చెప్పడానికి లేదు. అయితే ఆ వేసిన లైన్ల మీద 2012లో ఇంకో పని మొదలైంది. ఇంగ్లీషు టీచర్లు దొరకని బడులకు దూరం నుంచి వీడియోలో పాఠం చెప్పించడం. గదిలో ఉన్న క్లాసు టీచరు పిల్లలతో సాధన చేయిస్తుంది. పిల్లల చేతికిచ్చిన యంత్రంకన్నా, దాని కోసం వేసిన లైనూ పెట్టుకున్న మనుషులూ ఎక్కువ అక్కరకొచ్చారు.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హీక్స్ 2003లో వర్ధమాన దేశాల ఈ-గవర్నెన్స్ ప్రాజెక్టుల మీద ఒక అంచనా ఇచ్చాడు. 35 శాతం పూర్తిగా విఫలం, 50 శాతం పాక్షికంగా విఫలం, 15 శాతం సఫలం. ఆయన చెప్పే కారణం చాలా మామూలు మాట. డిజైను చేసినవాళ్లు ఊహించుకున్న ఆఫీసుకీ నిజంగా ఉన్న ఆఫీసుకీ మధ్య ఎడం ఎంత ఎక్కువైతే ప్రాజెక్టు పడిపోయే అవకాశం అంత ఎక్కువ. ఇంటర్నెట్ లెక్కల్లోనూ ఇలాంటి ఎడమే కనిపిస్తుంది. మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2024 నివేదిక ప్రకారం, మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అసలు అందని ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ప్రపంచ జనాభాలో 4 శాతం. సిగ్నల్ నెత్తిన ఉన్నా వాడనివాళ్లు 39 శాతం, 300 కోట్లకు పైనే. టవరు వాళ్ల దాకా వచ్చింది. ఫోన్ ధర, చదువు, ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్న సంగతి, తమ భాషలో తమకు పనికొచ్చేది ఏముందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉన్నాయి.

వస్తువే మనిషి దగ్గరికి నడిచొచ్చిన కథలు కూడా ఉన్నాయి. నోకియా 2003లో తెచ్చిన 1100 మోడల్‌లో కెమెరా లేదు, రంగుల తెర లేదు. కరెంటు పోతే వెలిగించుకోవడానికి టార్చి ఉంది, దుమ్ము దూరకుండా ఒకే ముక్కగా చేసిన కీప్యాడ్ ఉంది. చెమట చేతుల్లోంచి జారిపోకుండా పక్కలు గరుకుగా ఉండేవి. 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. తరవాత ఆఫ్రికా మార్కెట్టును చైనా కంపెనీ ట్రాన్షన్ తన టెక్నో ఫోన్లతో పట్టేసింది. అక్కడి జనం జేబులో రెండు మూడు సిమ్ములు పెట్టుకుని తిరుగుతారని అది గమనించింది. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి చేస్తే చార్జీ ఎక్కువ కాబట్టి, ఎవరికి చేయాలో చూసి ఆ సిమ్ము వేసేవారు. రెండు సిమ్ముల ఫోన్లు, రోజుల తరబడి నిలిచే బ్యాటరీ, నల్లని మేనిఛాయ సరిగ్గా పడేలా సరిచేసిన కెమెరా, ఇథియోపియా కోసం అమ్హారిక్ కీబోర్డు. కెమెరా సంగతి ఆలోచిస్తే వింతగా ఉంటుంది. అంతకుముందు వచ్చిన కెమెరాలన్నీ ఎవరి ముఖాన్ని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయో అడిగినవాళ్లు తక్కువ.

లిపి దగ్గర ఈ పేచీ ఇంకా నిక్కచ్చిగా కనిపిస్తుంది. 2018లో ఫేస్‌బుక్ వాళ్లకి ఒక వింత లెక్క ఎదురైంది. మెసెంజర్‌లో ప్రపంచమంతా పంపే వాయిస్ మెసేజ్‌ల్లో దాదాపు సగం కంబోడియా నుంచే వస్తున్నాయి. అక్కడి ఖ్మేర్ లిపిలో అక్షరాలు ఎక్కువ, గుణింతాలూ వత్తులూ ఉన్నాయి. చిన్న తెర మీద ఒక్కో అక్షరం కోసం రెండు మూడు పొరల కీబోర్డు వెతకాలి. తెలుగులో 'స్త్రీ' అని టైపు చేసిన ఎవరికైనా ఆ బాధ అర్థమవుతుంది. కంబోడియా జనం కీబోర్డు నేర్చుకోవడం మానేసి మైకు బొమ్మ నొక్కారు. చదువు రానివాళ్లే కాదు, బాగా చదువుకున్నవాళ్లూ అంతే. రోమన్ లిపి కోసం పుట్టిన యంత్రానికి తలొంచి తమ భాషను ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కి రాసుకునేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు, తెలుగువాళ్లతో సహా. అక్కడ సర్దుకున్నది మనిషి. కంబోడియాలో మనిషి సర్దుకోలేదు, పక్కనుంచి వెళ్లిపోయాడు.

క్యూబా వాళ్లయితే ఇంటర్నెట్టునే పక్కన పెట్టి ఇంటర్నెట్టు వాడారు. మొబైల్ డేటా అక్కడ 2018 డిసెంబరులో గాని రాలేదు. అంతకు చాలా ముందు నుంచే 'ఎల్ పకేతే సెమనాల్', అంటే వారపు పొట్లం, ఇల్లిల్లూ తిరిగేది. సుమారు ఒక టెరాబైట్ సరుకు హార్డ్ డిస్కులో వస్తుంది. కొత్త సినిమాలు, సీరియళ్లు, పాటలు, యాప్‌ల అప్‌డేట్లు, అమ్మకాల ప్రకటనలు అన్నీ అందులోనే. పంచేవాడి దగ్గర పెద్ద డిస్కు, తీసుకునేవాళ్ల దగ్గర పెన్ డ్రైవ్. తాజాది కావాలంటే ధర ఎక్కువ, రెండు రోజులు ఆగితే తక్కువ. వాళ్ల నెట్‌వర్క్ వేగం సైకిలు వేగం.

ఇంతవరకు చదివితే జనం తెలివి ముందు ఏ యంత్రమైనా లొంగుతుందనిపిస్తుంది. అలా అనుకోవడమూ పొరపాటే. సర్దుబాటు చేసుకునే శక్తి అందరికీ ఒకేలా ఉండదు.

కేరళ చేపల కథ తీసుకోండి. 1997 జనవరి 14న వడకర తీరంలో 11 మంది మత్స్యకారులు కొనేవాళ్లు లేక పట్టిన చేపలు పారబోసే స్థితిలో ఉన్నారు. అదే సమయానికి 15 కిలోమీటర్ల లోపు 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వెనుదిరుగుతున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మొబైల్ ఫోన్లు వచ్చాక పడవలోంచే ఫోన్ చేసి ధర ఎక్కువున్న రేవుకి పోవడం మొదలుపెట్టారు. రేవుకీ రేవుకీ మధ్య ధరల తేడా తగ్గింది, వృథా దాదాపు పోయింది, మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ప్రపంచమంతటా ఈ కథ చెప్పుకున్నారు. తరవాత జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ కేరళ తీరంలోనే తిరిగి చూస్తే చిత్రం అంత సూటిగా లేదు. పడవకీ వలకీ ముందే అప్పు ఇచ్చిన దళారి ఉంటే, సరుకు అతని ద్వారానే అమ్మాలి. పక్క రేవులో ధర ఎక్కువుందని ఫోన్‌లో తెలుస్తుంది, అంతవరకే. ధర తెలియడం వేరు, ఆ ధరకి అమ్ముకోగల స్వేచ్ఛ వేరు. రెండోది ఫోన్‌లో రాదు.

కర్ణాటక 'భూమి' ప్రాజెక్టు కూడా ఇలాంటిదే. సుమారు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల భూమి రికార్డులను 2000 తొలినాళ్లలో కంప్యూటర్లో ఎక్కించారు. పహణీ కోసం గ్రామ లెక్కాధికారి చుట్టూ తిరిగే బాధ, చేయి తడిపే బాధ చాలావరకు తగ్గింది. అయితే రికార్డులన్నీ ఒకేచోట స్పష్టంగా దొరకడం వల్ల బెంగళూరు చుట్టుపక్కల పెద్దఎత్తున భూములు కొనే కంపెనీలకే పని సులువైందని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. కౌంటర్ అందరికీ తెరిచే ఉంది, దాన్ని బాగా వాడుకోగలిగినవాళ్లు వేరు.

యంత్రానికి మనిషే సర్దుకోవాల్సి వచ్చే చోట అత్యంత సూటి ఉదాహరణ వేలిముద్ర. రాళ్లు కొట్టే చేతులు, నాట్లు వేసే చేతులు, ముసలి చేతులు, వీటి మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం వాటిని గుర్తుపట్టదు. తడి బట్టతో తుడిచి మళ్లీ పెట్టు, ఇంకో వేలు పెట్టు, రేపు రా. ఆధార్‌తో రేషన్ ఇచ్చే చోట్ల ఈ దృశ్యం కొత్తది కాదు. కంటిపాప, ఓటీపీ లాంటి వేరే దారులు నియమాల్లో ఉన్నాయి. అవి వాడాలని కౌంటర్లో కూర్చున్న మనిషికి తెలియాలి, తెలిసినా ఓపిక ఉండాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి పదవి ఒక చిన్న గాజు ముక్కకి దక్కింది. నకిలీలను అరికట్టడానికి పెట్టిన పరీక్షలో ఎక్కువసార్లు తప్పేది, బతుకంతా చేతులతో పనిచేసినవాళ్లు.

మధ్యలో ఉన్న మనుషులను తీసేయడమే టెక్నాలజీ లక్ష్యమని చాలామంది అనుకుంటారు. కొందరు మధ్యవర్తులు నిజంగానే పీడ. కానీ అందరినీ ఒకే గాటన కట్టలేం. బంగ్లాదేశ్‌లో 1997 నుంచి గ్రామీణ్ సంస్థ అప్పు మీద ఫోన్ తీసుకున్న ఆడవాళ్లు ఊరివాళ్లకి నిమిషాల లెక్కన కాల్స్ అమ్మి ఇల్లు నడుపుకున్నారు. ఊరికంతటికీ వాళ్లే ఎక్స్చేంజి. ఫోన్లు చవకై అందరి చేతుల్లోకీ వచ్చాక ఆ ఆదాయం పోయింది. అది ఎవరి తప్పూ కాదు. ఫోన్ అందరికీ చేరడం మంచిదే. ఆ ఆడవాళ్ల లెక్క మాత్రం ఆ మంచి ఖాతాలో ఎక్కడా రాయలేదు.

అఫ్ఘానిస్తాన్‌లో 2009లో కొద్దిమంది పోలీసులకు జీతం నోట్లలో కాకుండా ఎం-పైసా, అంటే ఎం-పెసాకి అక్కడి రూపం, ద్వారా ఫోన్‌కే పంపి చూశారు. జీతం 30 శాతం పెరిగిందని కొందరు సంబరపడ్డారు. పెరగలేదు. అప్పటిదాకా పైఅధికారులు నొక్కేస్తున్న వాటా ఈసారి నేరుగా వాళ్లకే వచ్చింది, తమ పూర్తి జీతం ఎంతో వాళ్లకు మొదటిసారి తెలిసింది. ఒక కమాండర్‌కి ఇది మింగుడుపడలేదు. తన కింది పోలీసులందరి ఫోన్లూ, పిన్ నంబర్లూ తెచ్చివ్వమన్నాడు. వాటన్నిటినీ పట్టుకుని జీతాలు తీసుకుందామని ఎం-పైసా ఏజెంటు దగ్గరికి వెళ్లాడు.